94 మార్కులు, ఒక శుభలేఖ

పల్నాడు జిల్లాలోని ఒక ఊరి నుంచి ఒక తల్లి ఆరు పేజీల ఉత్తరం రాశారు. పేరు, ఊరు వేయొద్దన్నారు. అందులోని సంగతి ఇది.

ఆవిడ భర్త నాలుగెకరాలు కౌలుకు తీసుకుని మిర్చి వేస్తారు. పాప నాలుగో తరగతి. బాబు ఈ జూన్‌లో ఒకటో తరగతిలో చేరాలి. పాప మొదటి నుంచీ 14 కిలోమీటర్ల దూరంలో ఉన్న టౌన్‌లో ప్రైవేటు ఇంగ్లీష్ మీడియం స్కూలుకు వెళ్తోంది. పొద్దున ఏడుంబావుకు వ్యాన్ ఎక్కితే సాయంత్రం ఐదున్నరకు దిగుతుంది. ఫీజు, వ్యాను, పుస్తకాలు అన్నీ కలిపి ఏడాదికి 58 వేలు. మిర్చి ధర పడిపోయిన ఏడాది చెవిదుద్దులు తాకట్టు పెట్టి రెండో టర్మ్ కట్టారు. ప్రోగ్రెస్ కార్డుకి వంక పెట్టడానికి లేదు. మొన్న 94 శాతం వచ్చింది.

సంక్రాంతి తర్వాత ఇంటికొక శుభలేఖ వచ్చింది. చదువురాని నానమ్మ మనవరాలిని పిలిచి "పెళ్లి ఎక్కడో, ఎప్పుడో చదవవే" అంది. పాప మొదటి మాట దగ్గరే ఆగిపోయింది. కూడబలుక్కుంటూ నాలుగు మాటలు లాగి, వత్తులొచ్చిన చోటల్లా తడబడి, చివరికి కార్డు అక్కడ పడేసి లోపలికెళ్లి ఏడ్చింది. నానమ్మ నవ్వుతూనే "ఇంత డబ్బు పోసి చదివిస్తున్నది ఇందుకేనా" అంది. తల్లికి అనుమానమొచ్చి ఇంగ్లీష్ నోటుబుక్ తీశారు. 'ఫార్మర్ ఈజ్ ద బ్యాక్‌బోన్ ఆఫ్ అవర్ కంట్రీ' అని ముత్యాల్లాంటి అక్షరాలతో ఉంది, పక్కన ఎర్ర టిక్కు. ఫార్మర్ అంటే ఎవరే అని అడిగితే "అది థర్డ్ క్వశ్చన్ అమ్మా" అంది. వాళ్ల నాన్న అప్పుడు చేలో కాయలు కోయిస్తున్నాడు.

ఊళ్లోని మండల పరిషత్ స్కూలుకి మెగా డీఎస్సీలో వచ్చిన కొత్త టీచరమ్మ ఇల్లిల్లూ తిరుగుతూ వీళ్లింటికీ వచ్చారు. "మీరు చదివిన బడికి మీరే పంపకపోతే ఇంకెవరు పంపుతారమ్మా" అన్నారు. ఈవిడకి పంపాలనిపించింది. భర్త ససేమిరా అన్నారు. ఒకసారి ఇంగ్లీష్ ఫారం నింపలేక కౌంటర్ దగ్గర నిలబడితే అక్కడి కుర్రాడు నవ్వాడట. నా పిల్లలకి ఆ గతి పట్టకూడదంటారు ఆయన. బావగారు మధ్యలో ఒక రాజీ చెప్పారు: పాపని ఊళ్లో బడిలో వేయండి, ఎలాగూ పెళ్లి చేసి పంపేదే కదా, మిగిలిన డబ్బుతో బాబుని ఇంకా మంచి స్కూల్లో వేయండి అని. నెల రోజులుగా మొగుడూ పెళ్లాలకి సరిగ్గా మాటల్లేవు.

"మంచి చదువంటే ఏమిటో నాకు తెలియదు. నేను టెన్త్ వరకే. నేనే తప్పుగా ఆలోచిస్తున్నానా?" అని ముగించారు. కింద చిన్న అక్షరాలతో ఇంకో వాక్యం ఉంది. ఆ రోజు నుంచి పాప నానమ్మ పక్కన పడుకోవడం లేదట.

అమ్మా,

ముందు నా సంగతి చెప్పేస్తాను, లేకపోతే నా మాటలు మీరు తప్పు తూకంతో తూచుతారు. నేను ముప్పై ఏళ్లు మండల పరిషత్ బడుల్లో పాఠాలు చెప్పాను. నా కొడుకుని మాత్రం ప్రైవేటు కాన్వెంట్‌లో చదివించాను. ఆ ఏడాది మా బడిలో ఐదు తరగతులకి ఇద్దరం. అందులో ఒకరు ఎప్పుడూ ఏదో ఒక సర్వే డ్యూటీ మీద ఉండేవారు. నా బడిలో ఏం జరగడం లేదో నాకే తెలుసు కాబట్టి వాడిని అక్కడ వేయలేదు. అది తప్పో ఒప్పో ఇప్పటికీ తేల్చుకోలేదు. కాబట్టి నేను ఎవరి తరఫు వకీలునూ కాను.

మీ ఉత్తరంలో నాలుగు సంగతులు చిక్కుపడి ఉన్నాయి. పాపకి నిజంగా చదువు వస్తోందా, ఇంగ్లీష్ రాకపోతే ఏమవుతుంది, డబ్బు, పరువు. ఇంట్లో గొడవ పడేటప్పుడు ఒకరు ఒకదాని గురించి మాట్లాడితే ఇంకొకరు ఇంకోదానికి జవాబు చెబుతారు. మీ ఇంట్లో జరుగుతున్నది అదే. మీరు మొదటిదాని గురించి అడుగుతున్నారు, ఆయన రెండోదానికి జవాబు చెబుతున్నారు, బావగారు మూడోదానికి.

94 మార్కుల దగ్గర మొదలుపెడదాం. అది దొంగ మార్కు కాదు. పాప కష్టపడే తెచ్చుకుంది. ఎలా తెచ్చుకుందో ఆ నోటుబుక్కే చెబుతోంది. టీచర్ బోర్డు మీద జవాబు రాస్తారు, పిల్లలు ఎక్కించుకుంటారు, టిక్కు పడుతుంది. పరీక్షకి ముందు 'ఇంపార్టెంట్' అని పది ప్రశ్నలకి గుర్తు పెట్టిస్తారు, అందులో ఎనిమిది వస్తాయి. మీ పాప ఆ ఎనిమిదింటినీ చక్కగా గుర్తు పెట్టుకోగలదు. చురుకైన పిల్ల. 'థర్డ్ క్వశ్చన్' అనడం కూడా తిక్క సమాధానం కాదు. దాని లోకంలో ఆ వాక్యం ఉండే చోటు అదే, మూడో ప్రశ్న కింద. ఆ వాక్యానికీ చేలో ఉన్న నాన్నకీ సంబంధం ఉందని ఎవరూ చెప్పలేదు. బట్టీ అన్నిసార్లూ చెడ్డది కాదు, ఎక్కాలు బట్టీ పట్టాల్సిందే. కానీ నేర్చుకున్నది పుస్తకం దాటి బయటికొచ్చి పని చేయకపోతే అది దాచుకున్న మార్కే అవుతుంది. మంచి చదువంటే ఏమిటో తెలియదన్నారు కదా. నోటుబుక్ తెరిచి 'ఫార్మర్ అంటే ఎవరే' అని అడిగారే, అది తెలిసినవాళ్లు అడిగే ప్రశ్న. టెన్త్ చదివినా పీహెచ్‌డీ చదివినా తల్లి అడగాల్సింది అదే.

అయితే ఒక్క శుభలేఖని చూసి బడి మార్చకండి. శుభలేఖల తెలుగు పెద్దవాళ్లకే కొరుకుడు పడదు. చిరంజీవి లక్ష్మీ సౌభాగ్యవతి అనే మాట ఏ నాలుగో తరగతి పిల్లైనా తడబడకుండా చదువుతుందా? ఇంకాస్త న్యాయమైన పరీక్ష పెట్టండి. ప్రథమ్ అనే సంస్థ 2005 నుంచి 'అసర్' పేరుతో పల్లెల్లో ఇంటింటికీ వెళ్లి పిల్లల చదువు చూస్తోంది. వాళ్ల పద్ధతి మీరూ వంటింటి గడప మీద కూర్చుని చేయొచ్చు. రెండో తరగతి స్థాయి కథ ఒకటి, పది వాక్యాలది, గట్టిగా చదవమనాలి. తర్వాత అప్పు తెచ్చుకుని చేసే రెండంకెల తీసివేత, 63లోంచి 28 లాంటిది. ఆ తర్వాత మూడంకెల సంఖ్యని ఒక అంకెతో భాగించడం. అంతే. దేశం మొత్తం మీద ఐదో తరగతి చదివే పల్లె పిల్లల్లో దాదాపు సగం మంది ఆ రెండో తరగతి కథ చదవలేకపోతున్నారు. కాబట్టి మీ పాపకి రాకపోతే దాన్ని కోప్పడకండి. తెలుగులో ఒకసారి, ఇంగ్లీష్‌లో ఒకసారి చదివించండి. చదివాక 'ఏం జరిగిందే కథలో' అని మన మాటల్లో చెప్పమనండి. అసలు సంగతి ఆ జవాబులో బయటపడుతుంది.

ఇంకో పని కూడా చేయాలి, చాలామంది వదిలేసేది ఇదే. ఊళ్లో బడికి వెళ్తున్న నాలుగో తరగతి పిల్లలు మీ వీధిలో ఇద్దరు ముగ్గురైనా ఉంటారు. వాళ్లని పిలిచి తలా ఒక జంతిక చేతిలో పెట్టి అదే కథ చదివించండి. బడి పేరున్న బోర్డునీ బోర్డునీ పోల్చకండి, పిల్లనీ పిల్లనీ పోల్చండి. వాళ్లు మీ పాప కంటే బాగా చదివితే మీవారితో మాట్లాడటానికి మీ దగ్గర గట్టి ఆధారం ఉంటుంది. వాళ్లూ చదవలేకపోతే కొత్త టీచరమ్మ ఎంత మంచావిడైనా తొందరపడకూడదని మీకు తెలుస్తుంది.

ప్రైవేటు అంటే మంచి చదువు, సర్కారు అంటే కాదు అన్న లెక్కని పరీక్షించిన అధ్యయనం ఒకటి మన దగ్గరే జరిగింది. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 2008 నుంచి నాలుగేళ్లు, ఐదు జిల్లాల్లో 180 ఊళ్లు. ప్రభుత్వ బడి పిల్లల్లో లాటరీ తీసి, పేరొచ్చినవాళ్లకి ప్రైవేటు స్కూలు ఖర్చు కట్టారు. నాలుగేళ్ల తర్వాత చూస్తే తెలుగులో, లెక్కల్లో లాటరీ తగిలినవాళ్లకీ తగలనివాళ్లకీ తేడా లేదు. హిందీ మాత్రం ప్రైవేటులో బాగా వచ్చింది. సర్కారు బడులవాళ్లం ఇది విని సంబరపడటానికీ లేదు. ఒక్కో పిల్లవాడి మీద ప్రైవేటు స్కూలు పెట్టిన ఖర్చు ప్రభుత్వం పెట్టినదాంట్లో మూడో వంతు కూడా లేదని అదే అధ్యయనం చెప్పింది. మూడింతలు ఖర్చు పెట్టి మేం సాధించింది సమానమే అన్నమాట. ఆ ఊళ్లు వేరు, మీ ఊరు వేరు, అప్పటికీ ఇప్పటికీ పదిహేనేళ్ల తేడా. నేను చెప్పేది ఒకటే. పైనున్న బోర్డు చూసి లోపలి చదువు చెప్పలేం.

ఇక మీవారి సంగతి. ఆ కౌంటర్ దగ్గర కుర్రాడి నవ్వుని ఆయన ఎన్నేళ్లుగానో మోస్తున్నారు. దాన్ని మీరు 'పరువు పిచ్చి' అని రాశారు. నాకలా అనిపించలేదు. పిల్లల్ని ఆ నవ్వు నుంచి కాపాడుకోవడానికే ఆయన దుద్దులు తాకట్టు పెట్టించి మరీ ఫీజు కడుతున్నారు. ఆయనతో 'ఇంగ్లీష్ ఎందుకు' అని వాదిస్తే ఓడిపోతారు, ఓడిపోవాలి కూడా. ఇంగ్లీష్ కావాలి. అడగాల్సింది, ఇప్పుడు పాపకి వస్తున్నది ఇంగ్లీషేనా అని. ఒక ఆదివారం పాపకి 100 రూపాయలిచ్చి కొట్టుకి పంపమనండి, చిల్లర ఎంత రావాలో ముందే చెప్పి వెళ్లమనండి. పురుగుమందు డబ్బా మీద ఇంగ్లీష్‌లో ఉన్న రెండు వాక్యాలు చదివి నాన్నకి అర్థం చెప్పమనండి. ఆయనే అడగాలి, ఆయనే వినాలి. మీరు పక్కన నిలబడి 'చూశారా' అనకూడదు. ఆ ఒక్క మాటతో ఇంకో నెల మాటలాగిపోతాయి.

ఊళ్లో బడికి మారిస్తే ఇంగ్లీష్ పోతుందన్న భయం పదేళ్ల క్రితమైతే నిజమే. ఇప్పుడు మన ప్రభుత్వ బడుల్లో పాఠ్యపుస్తకాలు ఒక పేజీ తెలుగు, ఎదుటి పేజీ ఇంగ్లీష్‌గా ఉంటున్నాయి. ఇందులో మీకో లాభం ఉంది. ఇప్పటిదాకా పాప పుస్తకం తెరిస్తే మీరు పక్కకి తప్పుకోవాల్సి వచ్చింది. టెన్త్ తెలుగు మీడియం చదివిన అమ్మకి ఆ ఎదుటి పేజీ అర్థమవుతుంది. రోజూ అరగంట మీరు పక్కన కూర్చోగలరు.

మార్చాలనుకుంటే ముందు ఆ బడి చూసి రండి. ఇది మా టీచర్లకి నచ్చదు, అయినా చెబుతున్నాను. ఫంక్షన్ రోజు కాదు, మామూలు మంగళవారమో బుధవారమో పదకొండు గంటలకి వెళ్లండి. కొత్త రంగులు, టైల్స్, బల్లలు చూసి మురిసిపోకండి. పిల్లలెంతమంది, టీచర్లెంతమంది అని అడగండి. విద్యాహక్కు చట్టం ప్రకారం ప్రాథమిక బడిలో 60 మంది వరకూ ఇద్దరు టీచర్లు, ఆ పైన 90 వరకూ ముగ్గురు ఉండాలి. అంటే నలభై మంది పిల్లలున్న బడిలో చట్టాన్ని తు.చ. తప్పకుండా పాటించినా ఒక టీచర్ రెండు మూడు తరగతుల్ని ఒకే గదిలో పట్టుకోవాలి. అది చేతకానిదేం కాదు. మదనపల్లె దగ్గర రిషివ్యాలీ వాళ్లు చుట్టుపక్కల పల్లె బడుల్లో కార్డులతో, ఎవరి మెట్టు మీద వాళ్లు నేర్చుకునేలా ఏళ్ల తరబడి నడిపి చూపించారు, తమిళనాడు కూడా ఆ పద్ధతి తీసుకుంది. కానీ దానికి ఆ పని తెలిసిన టీచర్ కావాలి. కాబట్టి వెనక వరసలో కూర్చున్న ఒక పిల్లవాడి నోటుబుక్ అడిగి చూడండి. అందరి పుస్తకాల్లోనూ అక్షరం పొల్లుపోకుండా ఒకే జవాబు ఉంటే టౌన్ స్కూలు ఫీజు లేకుండా ఊళ్లోకి వచ్చిందని అర్థం. పిల్లల పుస్తకాల్లో తప్పులు కనబడితే, అవి వేరు వేరు తప్పులైతే సంతోషించండి. అక్కడ ఎవరో సొంతంగా రాస్తున్నారు.

ఇంకోటి, కొత్త టీచరమ్మని చూసి మాత్రమే మార్చకండి. టీచర్లకి బదిలీలుంటాయి. రెండేళ్లకి ఆవిడ ఇంకో మండలంలో ఉండొచ్చు. హెచ్‌ఎం ఎలాంటివారు, మిగతా టీచర్లెవరు అన్నది చూసుకోండి.

ఇంతా చూశాక మీ ముందు మూడు దారులుంటాయి.

జూన్‌లో మార్చడం ఒక దారి. మూడు గంటల వ్యాన్ ప్రయాణం తప్పుతుంది, 58 వేలు మిగులుతాయి. ప్రభుత్వం ఇచ్చే 'తల్లికి వందనం' పథకం డబ్బులు ప్రైవేటులో చదివినా ప్రభుత్వ బడిలో చదివినా తల్లి ఖాతాలోకే వస్తాయి కాబట్టి అందులో తేడా రాదు. ఫీజు బాకీ ఉందని పాత స్కూలు టీసీ ఆపితే బెదరకండి. ప్రభుత్వ బడికి మారే పిల్లలకి టీసీ ఆలస్యమైందన్న కారణంతో అడ్మిషన్ ఆపకూడదని విద్యాహక్కు చట్టం ఐదో సెక్షన్ చెబుతుంది. బాకీ ఉంటే తీర్చేయండి, అది వేరే సంగతి. నష్టమూ ఉంది. పాప స్నేహితుల్ని వదిలి రావాలి, మొదటి మూడు నెలలు మొహం మాడ్చుకుంటుంది, బడి ఫంక్షన్‌లో గడగడా చెప్పే ఇంగ్లీష్ ముక్కలు తగ్గుతాయి. చుట్టాలు అదే పట్టుకుని మాట్లాడతారు. ఆ మూడు నెలలూ మీవారు మీ పక్కన లేకపోతే ఈ దారి చాలా గరుకుగా ఉంటుంది. ఆయన్ని ఒప్పించకుండా మాత్రం దిగకండి.

అక్కడే ఉంచి బాగు చేసుకోవడం రెండోది. క్లాస్ టీచర్‌ని కలిసి నెమ్మదిగా చెప్పండి: మాకు మార్కులు తగ్గినా ఫర్వాలేదు, వారానికొక జవాబైనా పాప సొంత మాటల్లో రాయనివ్వండి అని. ఆ టీచర్ కూడా ఎనిమిది వేలకో పది వేలకో పనిచేసే మీలాంటి ఇంటి పిల్లే అయ్యుంటుంది. ఆవిడ చేతిలో ఉన్నంతే చేయగలదు. ఇంట్లో మీరు రోజూ అరగంట తెలుగు చదివించాలి. ఇబ్బందేమిటంటే ఐదున్నరకి దిగిన పిల్ల స్నానం, హోంవర్క్ అయ్యేసరికి తూలుతుంటుంది. ఆ అరగంట ఎక్కడి నుంచి వస్తుంది? కాపీ హోంవర్క్ కొన్ని రోజులు వదిలేయడానికి మీరు సిద్ధపడితేనే ఇది నడుస్తుంది.

ఐదో తరగతి అయ్యేదాకా ఆగి, ఆరులో మార్చడం మూడోది. నవోదయ, గురుకులం అని మీరు అడిగారు కూడా. నవోదయ పరీక్ష ఐదో తరగతిలో ఉన్నప్పుడు తెలుగులోనే రాయొచ్చు. జిల్లాలో కనీసం 75 శాతం సీట్లు పల్లె పిల్లలవే. కానీ ఆ కోటాకి మూడు, నాలుగు, ఐదు తరగతులు మూడూ పల్లెలో ఉన్న బడిలోనే చదివి ఉండాలి. మీ పాప ఊళ్లో పడుకుని టౌన్‌లో చదువుతోంది కాబట్టి లెక్కల్లో అది పట్నం పిల్ల. ఈ సంగతి చాలామందికి దరఖాస్తు నింపేటప్పుడు తెలుస్తుంది. రాయించండి, తప్పులేదు. ఆ పరీక్ష కోసం తొమ్మిదేళ్ల పిల్లని కోచింగ్ హాస్టల్లో మాత్రం వేయకండి.

బావగారు చెప్పింది నాలుగో దారి. దాన్ని నేను లెక్కలోకి తీసుకోను. ఊళ్లో బడి మంచిదని మీరు తేల్చుకుంటే బాబునీ అక్కడే వేయండి. మంచిది కాదనుకుంటే పాపనీ వేయకండి. తమ్ముడికి వ్యాన్, తనకి నడక అన్నది పిల్లలకి ఏ పుస్తకమూ అక్కర్లేకుండా అర్థమయ్యే పాఠం. బాబు ఒకటో తరగతి కాబట్టి ఇంకో వీలుంది. ప్రైవేటు స్కూళ్లు ఒకటో తరగతిలో 25 శాతం సీట్లు పేద, బలహీన వర్గాల పిల్లలకి ఇవ్వాలి, ఆన్‌లైన్ దరఖాస్తు ఉంటుంది. ఆదాయం, దూరం నిబంధనలు మీకు సరిపోతాయేమో మీ ఊరి సచివాలయంలో కనుక్కోండి. అక్కాతమ్ముళ్లకి ఒకే న్యాయం అన్నది మాత్రం మర్చిపోవద్దు.

టీచరమ్మ మాట మిమ్మల్ని పొడిచిందన్నారు. నన్నూ పొడిచింది. ఆవిడ అన్నదాంట్లో నిజం ఎంతుందో నేను కళ్లారా చూశాను. ఫీజు కట్టగలిగిన ఇళ్లు ఒక్కొక్కటీ వెళ్లిపోయాయి. వాళ్లతో పాటు బడికొచ్చి 'లెక్కల సారు ఎందుకు రాలేదు' అని అడిగే నోళ్లూ వెళ్లిపోయాయి. పిల్లలు తగ్గారని పోస్టు తగ్గించారు. టీచర్ లేడని ఇంకో పది ఇళ్లు వెళ్లాయి. మిగిలింది కూలికెళ్లే వాళ్ల పిల్లలు. వాళ్ల అమ్మానాన్నలకి అడగడానికి పూట కూలి పోగొట్టుకునే స్తోమత లేదు. ఆసామి కొడుకూ పాలేరు కొడుకూ ఒకే చాప మీద కూర్చున్న బడి నేను చదువుకున్నది. 1964లో వేసిన కొఠారీ కమిషన్ చెప్పిందీ అదే, ఊళ్లో పిల్లలందరికీ ఒకే బడి ఉండాలని. ఇప్పుడు ఒకే వీధి పిల్లలకి ఒకరి పేరు ఒకరికి తెలియదు.

అయినా ఆ బరువు మీ తొమ్మిదేళ్ల పిల్ల నెత్తిన పెట్టకండి. బడిని బతికించడం పెద్దల పని. మీరు పంపితే దానికొక దారి ఉంది. చట్టం ప్రకారం స్కూల్ కమిటీలో నాలుగింట మూడొంతులు తల్లిదండ్రులే ఉండాలి, సగం మంది ఆడవాళ్లుండాలి. 58 వేలు కట్టిన చోట మీకు కౌంటర్ అవతల నిలబడే హక్కే ఉంది. ఇక్కడ బల్ల దగ్గర కూర్చుని అడిగే హక్కు ఉంటుంది. పంపకపోతే తప్పు చేశానని కుమిలిపోవద్దు. నా కొడుకు సంగతి పైన రాశాను కదా.

చివర్న చిన్న అక్షరాలతో రాసిన మాటకి వస్తాను. నాకు అన్నిటికంటే తొందరగా చేయాల్సిన పని అదేననిపించింది. పాపకి సిగ్గేసింది. నానమ్మ ఎగతాళిగా అనలేదు, కానీ దానికి అలాగే వినపడింది. అత్తగారితో మీరే మాట్లాడి, ఆవిడకి తెలిసిన కథో పాటో ఒకటి రోజూ రాత్రి రెండు వాక్యాలు చెప్పమనండి. పాప రాసి పెట్టాలి. తప్పులు దిద్దొద్దు. మర్నాడు రాత్రి పాప తను రాసింది తనే చదివి వినిపించాలి. చదువురాని నానమ్మ తప్పులు పట్టలేదు కదా, దానికి భయం ఉండదు.

ఆ పెళ్లి ఎప్పుడో మీరు రాయలేదు. ఇంకా అయ్యుండకపోతే శుభలేఖ మళ్లీ తీయండి. ముందు ముహూర్తం ఎన్ని గంటల ఎన్ని నిమిషాలకో చూసి నానమ్మకి చెప్పమనండి. అంకెలు చదువుతుంది కదా. తర్వాత ఊరి పేరు. పెళ్లికూతురి పేరు రేపు చదవచ్చు.